థీమ్ పార్కు ప్రయాణం మీ కుటుంబానికి గిట్టుబాటవుతుందా? టిక్కెట్టు కొనకముందే విశాఖలో కూర్చుని తేల్చుకునే పద్ధతి

ఏటా రెండుసార్లు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసిన వారంలోనూ, దసరా సెలవుల సంగతి బడి నుంచి తెలిసిన రోజునూ, ఎం.వి.పి. కాలనీలోనో గాజువాకలోనో ఉండే పరిచయస్తులు ఎవరో ఒకరు ఫోను చేసి, "పిల్లలు థీమ్ పార్కు అంటూ ప్రాణం తీస్తున్నారండీ, అంత దూరం తీసుకువెళ్తే ఆ డబ్బు గిట్టుతుందా?" అంటారు. మన ఊళ్లో సముద్రం ఉంది, కైలాసగిరి ఉంది, బీచ్ రోడ్డు మీద జలాంతర్గామి కూడా ఉంది. పెద్ద రోలర్ కోస్టర్లున్న పార్కు మాత్రం లేదు. కాబట్టి విశాఖ కుటుంబానికి థీమ్ పార్కు అంటే ఒక పూట షికారు కాదు, రైలు, గది, కారు, సెలవు అన్నీ కలిసిన ప్రయాణం. పార్కు మంచిదా కాదా అని ఆరా తీస్తే ఇందుకు జవాబు దొరకదు. మీ ఇంట్లోవాళ్ల ఎత్తులు, మోకాళ్లు, మీరు వెళ్లే తేదీ, ఈ మూడే జవాబు చెబుతాయి. వాటిని ఎలా లెక్కించాలో కింద వరుసగా రాస్తున్నాను. ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు కేటాయిస్తే సరిపోతుంది.

కావలసినవి

వడ్రంగులు వాడే ఇనుప టేపు ఒకటి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి, పెన్సిలు, రెండు తెల్ల కాగితాలు, బడి సెలవుల పట్టిక, రైలు టిక్కెట్లు చూసుకునే ఫోను. వీటితోపాటు, ఇంట్లో ప్రతి ఒక్కరితోనూ విడివిడిగా అయిదు నిమిషాలు మాట్లాడే ఓపిక కావాలి. దర్జీ టేపు వద్దు. ఎందుకు వద్దో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

1. ముందు ఎత్తులు కొలవండి

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇదే. చాలామంది అసలు చేయని పని కూడా ఇదే. పెద్ద రైడ్లు ఎక్కనివ్వాలా వద్దా అన్నది పార్కు సిబ్బంది వయసును బట్టి కాక ఎత్తును బట్టి నిర్ణయిస్తారు, ఎందుకంటే భుజాల మీదికి దిగే అడ్డకమ్మీ కొంత ఎత్తు ఉన్న శరీరాన్నే సరిగా పట్టి ఉంచగలదు. హడలెత్తించే రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్లు హద్దుగా ఉంటుంది. కొన్నిటికి 120, 130 కూడా ఉంటాయి. టిక్కెట్టు ధర కూడా ఎత్తును బట్టే మారుతుంది. వండర్‌లా పార్కుల్లో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, 85 నుంచి 140 వరకు పిల్లల టిక్కెట్టు, అది దాటితే పెద్దల టిక్కెట్టు. హద్దులు మారుతూ ఉంటాయి కాబట్టి టిక్కెట్టు కొనే రోజున ఆ పార్కు వెబ్‌సైటులో మరొకసారి సరిచూసుకోండి.

కొలిచే పద్ధతి ఇది. చెప్పులు, బూట్లు, మేజోళ్లు విప్పించి, గోడకు మడమలు, పిరుదులు, వీపు, తల వెనుక భాగం ఆనేలా నిలబెట్టండి. నడినెత్తిన కొప్పు, క్లిప్పులు ఉంటే తీసేయండి. చూపు తిన్నగా ఉండాలి; గడ్డం పైకెత్తితే కొలత తప్పుతుంది. గట్టి పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి తల మీదికి దించి, దాని అడుగు అంచు దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి ఆ గీతదాకా ఇనుప టేపుతో కొలవండి. రెండుసార్లు కొలిచి, తక్కువ వచ్చిన అంకెనే రాసుకోండి.

హెచ్చరిక: ఈ పాఠం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట మా అబ్బాయికి దర్జీ టేపుతో, బూట్లు విప్పించకుండా కొలిచి, 141 అని సంతోషించి, హైదరాబాదు ప్రయాణం కట్టాము. అక్కడి పెద్ద రైడ్ దగ్గర చెప్పులు, బూట్లు విప్పి అరలో పెట్టి రమ్మన్నారు. వాడు వట్టి కాళ్లతో కొలత బల్ల కిందికి వెళ్లి నిలబడ్డాడు. పసుపు రంగు వేసిన అడ్డపట్టీకీ వాడి నెత్తికీ మధ్య నా బొటనవేలు దూరేంత సందు మిగిలింది. సిబ్బందిలోని ఆ కుర్రవాడు మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. మావాడు ఏడవలేదు కానీ, కాసేపు అరలో ఉన్న తన బూట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. గీత పెట్టిన వాళ్ల తప్పేమీ లేదు. ఇంటి దగ్గర కొలిచిన నాదే తప్పు.

హద్దుకు రెండు సెంటీమీటర్ల లోపు తేడా ఉంటే, లెక్కలో ఆ రైడ్ "ఎక్కనివ్వరు" అనే వేసుకోండి. తీరా ఎక్కనిస్తే అది అదనపు లాభం అవుతుంది.

2. మూడు గళ్ల పట్టిక వేయండి

మీరు అనుకుంటున్న పార్కు రైడ్ల జాబితాను ఫోనులో తెరిచి, కాగితం మీద ఇంట్లోని ఒక్కొక్కరికీ మూడు గళ్లు గీయండి: ఎక్కుతారు, ఎక్కనిస్తారు కానీ ఎక్కరు, ఎక్కనివ్వరు. మూడో గడిలో ఎత్తు చాలని పిల్లలతోపాటు గర్భిణులు, గుండె జబ్బు, అధిక రక్తపోటు, మూర్ఛ, మెడ లేదా నడుము నొప్పి ఉన్నవారు, ఈమధ్యే శస్త్రచికిత్స జరిగినవారు వస్తారు. పార్కులు వీరిని పెద్ద రైడ్ల నుంచి దూరంగా ఉంచుతాయి. బోర్డు మీద రాసి ఉంటే చాలు కదా అని సరిపెట్టుకోకుండా, అనుమానం ఉన్నవారు తమ వైద్యుణ్ణి ముందుగానే అడగాలి.

రెండో గడి నింపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే ఎవరూ భయమని ఒప్పుకోరు. పెద్దపిల్ల "నేను అన్నీ ఎక్కుతాను" అంటుంది, ఆ మాటకు పౌరుషం వచ్చి తమ్ముడు "నేనూ" అంటాడు, నాన్నగారు మీసం దువ్వుకుంటారు. విడిగా అడగండి. రైడ్ వీడియో చూపించి, "ఇది ఎక్కుతావా?" అని కాకుండా "దీని పక్కన ఇంకొకటి ఉంది, రెండిట్లో ఏది ముందు ఎక్కుతావు?" అని అడిగితే అసలు మనసు బయటపడుతుంది. మా ఆవిడ తాను జెయింట్ వీల్ కూడా ఎక్కనని పెళ్లయిన పదకొండో ఏట ఇలా అడిగినప్పుడే చెప్పింది.

నాయనమ్మ, అమ్మమ్మ, తాతగార్ల గడిని ఖాళీగా వదిలేయవద్దు. చాలా ఇళ్లలో వారిని "సరదాగా వస్తారు" అని తీసుకువెళ్లి, సామాను కాపలాకు కూర్చోబెడతారు. మా అమ్మగారు ఆ రోజు ఒక చెట్టు కింద అయిదు సంచులు, మూడు జతల చెప్పులతో ఆరు గంటలు కూర్చున్నారు. బయటి తినుబండారాలు లోపలికి కుదరవని ఆవిడ చేసిన చక్కిలాల డబ్బాను గేటు దగ్గరే వదిలేయవలసి రావడంతో నోట్లో వేసుకోవడానికీ ఏమీ లేకపోయింది. పెద్దవారి గడిలో ఒక్క రైడ్ కూడా లేకపోతే నాలుగో మెట్టులో చెప్పినట్టు ఊరినే మార్చి చూడండి.

3. ఇంటికి దగ్గరలోనే ఒక పరీక్ష పెట్టండి

వేలు పోసే ముందు వందల్లో తేలే పరీక్షలు మన ఊళ్లోనే ఉన్నాయి. వేసవిలో, సంక్రాంతి రోజుల్లో నగరంలో ఎగ్జిబిషన్లు పెడతారు కదా, అక్కడ కొలంబస్ ఓడను ఎక్కించి చూడండి. ఓడ వెనక్కి ఊగినప్పుడు కడుపులో లేచే ఆ గుబులే రోలర్ కోస్టరులో పదింతలు ఉంటుంది. ఓడ దిగగానే "మళ్లీ ఎక్కుదాం" అన్న పిల్లలకు పెద్ద పార్కు గిట్టుతుంది. మీ చెయ్యి వదలకుండా ఇంటికి వెళ్దామన్న పిల్లలకు ఇంకో ఏడాది ఆగడం మంచిది. ఎత్తు భయం సంగతి తెలుసుకోవడానికి కైలాసగిరి రోప్‌వే చాలు. కారులో అరకు వెళ్లేటప్పుడు అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతి చేసుకునే పిల్లలు, గుండ్రంగా తిప్పే రైడ్లలోనూ దాదాపు అంతే ఇబ్బంది పడతారు. అలాంటివారికి నీటి ఆటలు ఎక్కువ ఉన్న పార్కు నయం.

హెచ్చరిక: ఎగ్జిబిషన్ రైడ్లు ఇవాళ విప్పి రేపు ఇంకో ఊళ్లో బిగించేవి. అడ్డకమ్మీ సరిగా పడకపోయినా, ఆపరేటరు తొందరపెడుతున్నా ఎక్కించకండి. పరీక్ష కోసం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవలసిన పని లేదు.

4. ఏ ఊరో తేల్చుకోండి

మనకు అందుబాటులో ఉన్న దారులు ప్రధానంగా రెండు.

మొదటిది హైదరాబాదు. రైలులో దాదాపు 700 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా ఉంది; విజయవాడ రహదారి వైపు 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. ఈ రెండూ ఒకే రకం కావు, ఒకదానికి బదులు మరొకటి అనుకోవడం పొరపాటు. మొదటిది రైడ్ల కోసం. రెండోది ప్రధానంగా సినిమా సెట్లు, బస్సులో కూర్చుని తిరగడం, ప్రదర్శనలు. పదేళ్లు దాటి హుషారుగా ఉన్న పిల్లలకు మొదటిది, మోకాళ్లు నొప్పులున్న పెద్దవారు, ఎత్తు చాలని చిన్నపిల్లలు ఉన్న ఇంటికి రెండోది నప్పుతుంది. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడ ఉంటారు. గాజువాక, ఉక్కు నగరం వారు దువ్వాడలోనే ఎక్కవచ్చు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ వేగంగా వెళ్తుంది కానీ, తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నం దాటాక చేరుస్తుంది కాబట్టి ఆ రోజు పార్కు కుదరదు, గది అద్దె ఒక రాత్రి పెరుగుతుంది. ఈ లెక్క చాలామందికి తట్టదు.

రెండోది భువనేశ్వర్. దూరం సుమారు 440 కిలోమీటర్లు. ఆ ఊరి దాపున ఖుర్దా జిల్లాలో 2024లో వండర్‌లా కొత్త పార్కు తెరిచింది. రైడ్ల సంఖ్యలో హైదరాబాదుకంటే చిన్నది. అయినా పెద్దవారున్న ఇంటికి నేను దీన్నే ముందు చెబుతాను. కారణం పార్కు కాదు, పూరీ. భువనేశ్వర్ నుంచి పూరీ అరవై కిలోమీటర్లు, కోణార్క్ కూడా ఇంచుమించు అంతే. ఒక రోజు పిల్లల పార్కుకు, ఒక రోజు నాయనమ్మగారి జగన్నాథ దర్శనానికి కేటాయిస్తే, రైలు ఖర్చు ఒక్కరి సరదా మీద పడకుండా ఇంటిల్లిపాది మీదా పడుతుంది. పార్కు రోజున ఆవిడ ఎవరో ఒకరి తోడుతో గదిలోనే విశ్రాంతి తీసుకోవచ్చు.

5. తేదీ: గిట్టుబాటులో సగం ఇక్కడే తేలుతుంది

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు మన పిల్లలకు ఎప్పుడో, తెలంగాణ పిల్లలకూ దాదాపు అప్పుడే. అంటే మనం ఖాళీగా ఉన్న రోజే అందరూ ఖాళీగా ఉంటారు. సెలవు ఆదివారం నాడు పెద్ద రైడ్ ముందు ముప్పావుగంట, గంట నిలబడి, నిమిషంన్నర తిరిగి దిగుతాము. మామూలు మంగళవారమో బుధవారమో అయితే అదే రైడ్‌ను రెండుసార్లు ఎక్కవచ్చు. రెండు రోజులు బడి మాన్పించడం మంచిదా అని అడిగితే, పరీక్షలు దగ్గర లేనప్పుడు, టీచరుకు ముందే చెప్పి మాన్పించడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని తల్లిదండ్రులు ఉంటారని తెలుసు. వారికి బడులు తెరవడానికి ముందు వారంలోని పనిరోజులు, లేదా సెలవుల మొదటి రెండు మూడు రోజులు కొంత నయం.

వాతావరణం కూడా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు మధ్యాహ్నపు ఎండ మన ఉక్కపోతలాంటిది కాదు, 40 డిగ్రీలు దాటి మాడ్చేస్తుంది; అప్పుడు నీటి ఆటలు హాయి, ఎండలో క్యూ నరకం. డిసెంబరు, జనవరిలో అది తలకిందులవుతుంది, పిల్లలు నీళ్లలోంచి వణుకుతూ లేస్తారు. ఉరుములు మెరుపులు మొదలైతే ఎత్తైన రైడ్లను ఆపేస్తారు. వానకు డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్న నియమాన్ని కొనేముందే చదవండి. అక్టోబరు, నవంబరు మనకు తుఫాన్ల కాలమన్నదీ మరవకూడదు. హుద్‌హుద్ మన నగరాన్ని తాకింది 2014 అక్టోబరు 12న, అంటే దసరా వెళ్లిన కొద్ది రోజులకే. రైలు రద్దయితే రైల్వే డబ్బు తిరిగి ఇస్తుంది, పార్కు టిక్కెట్టు, గది సంగతి మీరు కుదుర్చుకున్న షరతుల మీద ఉంటుంది.

రైలు టిక్కెట్లు 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి. పండుగ రోజులకైతే బుకింగ్ తెరిచిన పూటే చూసుకోవాలి. తత్కాల్‌ను నమ్ముకుని అయిదుగురి ప్రయాణం కట్టవద్దు. ముగ్గురికి బెర్తులు వచ్చి ఇద్దరికి రాకపోతే పడే తిప్పలు చెప్పనలవి కాదు.

6. గడప నుంచి గడప దాకా ఖర్చు రాయండి

ప్రవేశ రుసుము ఒక్కటే చూసి "మనిషికి ఇంతేగా" అనుకున్నవారికి చివరికి తడిసి మోపెడవుతుంది. ఇల్లు తాళం వేసిన క్షణం నుంచి మళ్లీ తాళం తీసేదాకా అయ్యే ప్రతి రూపాయీ కాగితం మీదికి రావాలి. ఒక ఉదాహరణ వేస్తాను. ఇందులోని ధరలు లెక్క తేలిగ్గా ఉండడం కోసం నేను వేసుకున్నవే; మీరు చూసే రోజున ఉన్న అసలు ధరలను వాటి స్థానంలో పెట్టుకోండి.

అమ్మ, నాన్న, 146 సెంటీమీటర్ల అమ్మాయి, 118 సెంటీమీటర్ల ఏడేళ్ల అబ్బాయి, నాయనమ్మ, మొత్తం అయిదుగురు హైదరాబాదు వెళ్తున్నారు.

రైలు: రానూపోనూ మనిషికి 2,000 చొప్పున 10,000. ఏడేళ్ల వాడికి సగం టిక్కెట్టు చాలనుకోకండి. 2016 నుంచి, అయిదేళ్లు నిండి పన్నెండేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి.
ఒక రాత్రి గది: 3,000.
స్టేషను, పార్కు, గది మధ్య కారు: 4,000.
ప్రవేశం: పెద్దల టిక్కెట్లు నాలుగు 1,500 చొప్పున 6,000, పిల్లల టిక్కెట్టు ఒకటి 1,200, కలిపి 7,200. అమ్మాయి 140 దాటింది కాబట్టి ఆమెకు పెద్దల టిక్కెట్టే.
తిండి: 4,000.
లాకరు, ఈత దుస్తులు, చిల్లర: 1,300.
మొత్తం 29,500 రూపాయలు.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి. మొదటిది, వెబ్‌సైటులో కనబడే ధరలో జీఎస్టీ కలిసి ఉందో లేదో చూడండి. థీమ్ పార్కు ప్రవేశం మీద ఈ పన్నును 2018 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, అయినా అయిదు టిక్కెట్ల మీద అది చిన్న మొత్తమేమీ కాదు. రెండోది, విద్యార్థులకు, పెద్ద వయసువారికి, ముందుగా కొన్నవారికి కొన్ని తగ్గింపులు ఉంటాయి. వాటికి అసలు గుర్తింపు కార్డు చూపించవలసి వస్తుంది కాబట్టి అమ్మాయి బడి కార్డు పెట్టెలో పెట్టుకోండి. మూడోది దుస్తులు. నూలు బట్టలతో, చీరతో, చుడీదారుతో నీటి ఆటల్లోకి రానివ్వరు, నైలాను తరహా ఈత దుస్తులు ఉండాలి. పార్కు దుకాణంలో కొనేకంటే జగదాంబ కూడలి దుకాణాల్లో ముందే కొనుక్కోవడం చవక. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ఆడవారు ఆ దుస్తులు వేసుకోవడానికి ఇష్టపడతారా అని ముందుగా అడగండి. ఇష్టపడకపోతే నీటి ఆటలన్నిటినీ వారి పట్టికలో రెండో గడిలోకి మార్చండి.

7. భాగహారం చేయండి

పార్కు ఉదయం 11 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచి ఉందనుకుందాం. ఏడు గంటల్లో లాకరు, బట్టలు మార్చుకోవడం, భోజనం, మరుగుదొడ్డి, తప్పిపోయిన టోపీ వెతకడం అన్నిటికీ గంటన్నర తీసేయండి. మిగిలేది అయిదున్నర గంటలు, అంటే 330 నిమిషాలు.

సెలవు రోజున ఒక రైడ్‌కు నడక, క్యూ, రైడ్ కలిపి 45 నిమిషాలు పట్టిందనుకుంటే ఏడు రైడ్లు అవుతాయి. అమ్మాయి తల్లిదండ్రుల్లో ఒకరితో పెద్ద రైడ్లు, అబ్బాయి రెండోవారితో చిన్న రైడ్లు, నీటి ఆటలకు నలుగురూ కలిసి అనుకుంటే, ప్రతి విడతకూ నలుగురు ఎక్కుతారు. ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది. 29,500ను 28తో భాగిస్తే ఒక మనిషి ఒక రైడ్ ఎక్కడానికి సుమారు 1,054 రూపాయలు.

అదే కుటుంబం పనిరోజున వెళ్లి, రైడ్‌కు 20 నిమిషాలే పడితే 16 రైడ్లు, 64 ఎక్కుళ్లు అవుతాయి. 29,500 భాగించు 64, అంటే సుమారు 461. ఖర్చులో ఒక్క రూపాయి మారలేదు, తేదీ ఒక్కటే మారింది.

సెలవు రోజు తప్ప కుదరదంటే, క్యూ లేకుండా పంపే ఖరీదైన టిక్కెట్టును కూడా ఇలాగే పరీక్షించండి. ఎక్కే నలుగురికి అదనంగా మరో 6,000 అయ్యి, రైడ్లు ఏడు నుంచి పన్నెండుకు పెరిగాయనుకుందాం. 35,500ను 48తో భాగిస్తే సుమారు 740. చూడగానే దుబారాగా కనిపించిన టిక్కెట్టు నిజానికి 1,054ను 740కి దించింది. అయితే అది ఏయే రైడ్లకు వర్తిస్తుందో, మీవాళ్లు ఎక్కే రైడ్లు అందులో ఉన్నాయో చూడకుండా కొనవద్దు. రైడ్లు ఎక్కని నాయనమ్మగారికి అసలే కొనవద్దు.

నా సొంత హద్దులు చెబుతాను. 500 దాటకపోతే వెళ్తాను. 1,000 దాటితే వెళ్లను. మధ్యలో ఉంటే తేదీ మార్చి మళ్లీ లెక్క వేస్తాను. మీ రాబడిని బట్టి మీ హద్దులు వేరుగా ఉండవచ్చు, కానీ లెక్క వేయడానికి ముందే వాటిని కాగితం పైన రాసుకోండి. లెక్క వచ్చాక హద్దు గీసుకుంటే, మనసు ఎటు లాగితే గీత అటే జరుగుతుంది.

8. అదే డబ్బుకు ఇంకేమి వస్తుందో పక్కన రాయండి

పార్కు వద్దంటే పిల్లలకు శూన్యం చూపించకూడదు. అదే మొత్తంలో చిన్న భాగంతో ఒక శనివారం అరకు రైలులో అద్దాల బోగీ ఎక్కి బొర్రా గుహలు చూడవచ్చు, ఒక ఆదివారం జూపార్కు, ఇంకో ఆదివారం కురుసుర జలాంతర్గామి, దాని ఎదుటే ఉన్న టీయూ 142 విమానం చూడవచ్చు. ఇవి చూసేశామని పిల్లలు అంటే, నిజమే, మనవాళ్లు చాలామంది చూసేసి ఉంటారు. అప్పుడు రుషికొండ దగ్గర పడవ షికారును లెక్కలోకి తీసుకోండి. పోలిక సమంగా ఉండాలంటే ఒక పార్కు రోజుకు ఒక బీచ్ సాయంత్రాన్ని కాకుండా, ఆ డబ్బుకు వచ్చే నాలుగైదు ఆదివారాలను ఎదురుగా పెట్టాలి.

తరచూ జరిగే పొరపాట్లు

రాత్రంతా రైలులో వచ్చి, స్టేషను నుంచే నేరుగా పార్కుకు వెళ్లి, ఆ రాత్రికే తిరుగు రైలు ఎక్కాలనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కాగితం మీద గది అద్దె మిగులుతుంది. సాయంత్రం నాలుగింటికి చిన్నవాడు క్యూలోనే నిద్రపోతాడు, రెండు గంటల రైడ్లు పోతాయి. ఏడో మెట్టు లెక్కలో ఆ రెండు గంటలు తీసేసి చూస్తే గది అద్దె ఎందుకు దండగ కాదో అర్థమవుతుంది.

కడుపునిండా బిర్యానీ తిని వెంటనే రైడ్ ఎక్కడం మరొకటి. మధ్యాహ్నం తేలిగ్గా తిని, గంటసేపు నీటి ఆటలు కానీ చిన్న రైడ్లు కానీ చూసుకోవాలి. వాంతుల మాత్ర వేయాలనుకుంటే పిల్లల వైద్యుణ్ణి అడిగే వేయండి.

రెండు కుటుంబాలు కలిసి వెళ్తే ఖర్చు తగ్గుతుందనుకోవడం సగమే నిజం. కారు ఖర్చు తగ్గుతుంది. కానీ పదిమంది ఒకరికోసం ఒకరు ఆగుతూ ఉంటే రైడ్లు సగానికి పడిపోతాయి. ఎప్పుడు, ఎక్కడ కలుసుకోవాలో ఉదయమే చెప్పుకుని విడిపోవడం మేలు.

సరిచూసుకోవడం ఎలా?

వెళ్లేముందు మీ లెక్కను ఇంకొకరి చేతికి ఇచ్చి, "ఎక్కుతారు" గడిలో ఉన్న రైడ్లను పావువంతు కొట్టేయమనండి. అప్పుడు కూడా జవాబు మీ హద్దు లోపలే ఉంటే నిశ్చింతగా టిక్కెట్లు కొనండి. కాస్త కదిపితేనే హద్దు దాటిపోతే, ఆ ప్రయాణం రద్దీ ఎలా ఉంటుందన్న దాని మీదే వేలాడుతోందని అర్థం. అలాంటప్పుడు తేదీ మార్చకుండా కొనకండి.

వెళ్లి వచ్చాక, ఇల్లు చేరిన రాత్రే ఎవరెవరు ఎన్ని ఎక్కారో అదే కాగితం మీద రాయండి. మర్నాటికి అంకెలు మారిపోతాయి, మూడు రైడ్లు అయిదు అవుతాయి. అసలు ఖర్చు కూడా పక్కన వేసి మళ్లీ భాగించండి. తర్వాత ఒక నెల ఆగి, పిల్లలను ఏమీ గుర్తుచేయకుండా "ఆ ప్రయాణంలో ఏం జరిగింది?" అని అడగండి. వాళ్లు రైడ్ పేర్లు చెబితే పార్కు గిట్టినట్టు. రైలులో పైబెర్తు కోసం దెబ్బలాడుకున్న సంగతి, గది కిటికీలోంచి కనబడిన కోతి సంగతి మాత్రమే చెబితే, ఈసారి రైలు, గది ఉంచుకుని పార్కు తీసేయవచ్చు.

ఈ ఏడు వద్దని తేలిన ఇంట్లో మిగిలిన పని ఒకటే. మొదటి మెట్టులో పెట్టిన పెన్సిలు గీత పక్కన తేదీ వేయండి. ఆ ఈడు పిల్లలు ఏడాదికి సుమారు అయిదారు సెంటీమీటర్లు ఎదుగుతారు కాబట్టి, 134 దగ్గర ఉన్నవారికి ఇంకో ఏడాది, ఏడాదిన్నర చాలు. 118 దగ్గర ఉన్నవాడికి నాలుగేళ్లు. మా ఇంటి వంటగది తలుపు చట్రం మీద 138న్నర దగ్గర ఒక గీత ఉంది. దానికి మూడు వేళ్లు పైన, ఎనిమిది నెలల తర్వాతి తేదీతో ఇంకో గీత ఉంది. అది మావాడు కుర్చీ ఎక్కకుండా, బూట్లు విప్పి, వాళ్ల నాయనమ్మ చేత పెట్టించుకున్నది.